కారుణ్య మరణము: అమాలేకీయుని కథ చాలునా?

కారుణ్య మరణమును ఖండించు ప్రసంగములలో 2 సమూయేలు 1వ అధ్యాయము తరచుగా ఆధారమగుచున్నది. సౌలు కోరగా అతనిని చంపితినని చెప్పిన అమాలేకీయుని దావీదు చంపించెను గనుక, రోగి కోరినను ప్రాణము తీయుట పాపమని వాదన. ఆ ముగింపుతో మేము ఏకీభవించుచున్నాము. అయితే దానికి ఈ వాక్యభాగము చాలదు.

మొదటిది, 1 సమూయేలు 31 ప్రకారము సౌలు తన కత్తిమీద తానే పడి చనిపోయెను. అమాలేకీయుడు అబద్ధమాడి యుండవచ్చును. రెండవది, దావీదు మోపిన నేరము యెహోవా అభిషిక్తుని చంపుట. సౌలు వేదనను గూర్చి ఆ తీర్పులో మాటయే లేదు. మూడవది, ఈ కథ ప్రాణము తీయుటను గూర్చినదే గాని, ఫలితమివ్వని చికిత్సను ఆపుటను గూర్చినది కాదు.

ఈ మూడవ భేదమును విస్మరించుట వలన సంఘమునకు హాని కలుగుచున్నది. అరుణా శాన్‌బాగ్ కేసులో 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఈ రెంటిని వేరుపరచెను. మందు ఎక్కించి చంపుట నేరమనియు, ప్రాణాధార చికిత్సను షరతులకు లోబడి ఉపసంహరింపవచ్చుననియు చెప్పెను. 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, రోగి ముందుగా వ్రాసియుంచు వైద్య ఆదేశమును కూడ అంగీకరించెను. 2023లో ఆ విధానము సులభతరమాయెను. మన ప్రసంగములు ఈ భేదమును చెప్పనప్పుడు, డాక్టర్లు ఇక లాభము లేదనిన మీదట తండ్రికి వెంటిలేటరు తీయుటకు ఒప్పుకొనిన కుమారుడు, ఆరవ ఆజ్ఞను మీరితినని కుమిలిపోవును.

అయినను చట్టము అనుమతించినదెల్ల ధర్మము కాదు. పిల్లలు అప్పులపాలగుదురని భయపడి ఒక తల్లి చికిత్స వద్దనినచో, అది ఆమె స్వేచ్ఛగా చేసిన నిర్ణయమని ఎట్లు అనగలము?

ఇచ్చట 1 రాజులు 19 మేలైన ఆధారమని మా అభిప్రాయము. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాకు దేవుడు చావును ఇయ్యలేదు, ఆ ఘడియలో గద్దింపును ఇయ్యలేదు. నిద్రనిచ్చెను, దూతను పంపి, తట్టి లేపించి, రొట్టెను నీళ్లను రెండుమారులు ఇచ్చెను. 1973లో దాడికి గురైన అరుణకు 2015లో ఆమె కన్నుమూయువరకు ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులు చేసిన పరిచర్యయు ఇట్టిదే. ఆమె బ్రతుకవలెనని వారు కోరిన కోరికకు 2011 తీర్పు విలువనిచ్చెను.

కారుణ్య మరణము వద్దని బోధించు సంఘము, ఆ రోగి మంచము ప్రక్కన రాత్రి కూర్చుండుటకు ఎవరిని పంపునో కూడ చెప్పవలెను.