సిలోయము గోపురము, సిరిసిల్ల సాంచాలు: సునామీపై మన ప్రసంగాల పరిశీలన

2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మరునాడు. మన కాలమానంలో ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా దీవికి పడమటి దిక్కున సముద్రగర్భంలో 9.1 తీవ్రతగల భూకంపం సంభవించింది. రెండు గంటలు గడిచాక దాని అలలు మన తూర్పు తీరాన్ని తాకాయి. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలలో 2,20,000కు పైగా, మన దేశంలో 10,000కు పైగా మనుష్యులు మరణించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ తీరంలో మృతుల సంఖ్య నూరు దాటింది. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో పౌర్ణమి స్నానానికి వచ్చినవారు అందులో ఉన్నారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆనాడు మూడూ కరీంనగర్ జిల్లాలోని పట్టణాలు. సముద్రానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా ఎడంగా ఉన్నాయి. కోస్తావారికి ఉప్పెన అనే మాట తెలుసు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను చూసినవారు అక్కడ ఇంకా ఉన్నారు. మనకు తెలిసినది వాగు పొంగడం, చెరువు కట్ట తెగడం. సునామీ అన్న మాట ఆ ఆదివారానికి ముందు మన సంఘాలలో విన్నవారు లేరనే చెప్పవచ్చు. అయినా వారం తిరగకముందే ఆ అల అర్థం మన ప్రసంగ వేదికలకు తెలిసిపోయింది. డిసెంబరు 31 రాత్రి కూడికలలోను, 2005 జనవరి ఆదివారాలలోను ఈ మూడు పట్టణాలలో మేము విన్న ప్రసంగాలు రెండు మాటల చుట్టూ తిరిగాయి. ఇది అంత్యదినముల సూచన అన్నది మొదటిది, ఇది దేవుని తీర్పు అన్నది రెండవది. ఆ ప్రసంగాలను ఇక్కడ పరిశీలించదలచాము. వాటిని బయట నిలబడి విమర్శించే అర్హత మాకు లేదు. వాటిని చేసినవారు మాలోనే ఉన్నారు, విని ఆమెన్ చెప్పినవారూ ఉన్నారు.

మొదట తీర్పు అన్న మాటను తీసుకుందాము. తీర్పు ఎవరి మీద అన్నది ప్రసంగీకులు సూటిగా చెప్పలేదు; వినేవారికి వదిలిపెట్టారు. వినేవారు మంగినపూడి పౌర్ణమి స్నానాన్ని తలచుకున్నారు. అదే ఉదయం వేళాంగణ్ణి మరియమాత పుణ్యక్షేత్రానికి క్రిస్మస్ పండుగకు వచ్చిన యాత్రికులు తీరంలో కొట్టుకుపోయారు. జనాభాలో అత్యధికులు క్రైస్తవులైన కార్ నికోబార్ దీవిలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ వార్తలు పత్రికలలో వచ్చాయి గాని ప్రసంగాలలోకి రాలేదు. వేళాంగణ్ణి సంగతి ఎత్తితే, వారు కాథలిక్కులు గదా అని ఒక సహోదరుడు వెంటనే జవాబిచ్చాడు. కార్ నికోబార్‌కు ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

ఈ పోకడ మన ఒక్కరిదే కాదు. కంచి పీఠాధిపతిని 2004 నవంబరులో అరెస్టు చేసినందుకే సముద్రం ఆగ్రహించిందన్న మాట అప్పట్లో దేశంలో వినబడింది. 2011 మార్చి 11న జపానులో భూకంపం, సునామీ వచ్చినప్పుడు టోక్యో గవర్నరు షింతారో ఇషిహారా అది ప్రజల స్వార్థానికి దైవశిక్ష అన్నాడు. విమర్శలు రాగా మరునాడే క్షమాపణ చెప్పుకున్నాడు.

మన దేశంలో ఈ ప్రశ్న మీద జరిగిన అతి గంభీరమైన చర్చ 1934 నాటిది. ఆ ఏడు జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు గాంధీ హరిజన యాత్రలో దక్షిణాదిన ఉన్నాడు. అంటరానితనమనే పాపానికి దేవుడు పంపిన శిక్ష ఇది అని ఆయన బహిరంగంగా ప్రకటించాడు. అంటరానితనాన్ని ద్వేషించడంలో ఆయనకు ఏమాత్రం తీసిపోని రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ మాటను ఖండించాడు. ప్రకృతి సంఘటనలను నీతికి ముడిపెడితే, గాంధీ ప్రత్యర్థులు అదే భూకంపాన్ని ఆయన ఉద్యమం మీదికే తిప్పగలరని ఆయన వాదం. గాంధీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, దానికి జవాబు వ్రాశాడు గాని తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఈ చర్చ మన సెమినరీ తరగతులలో చదివించదగినది. మన సంఘాలలో అత్యధికులు అంటరానితనం బాధ అనుభవించిన మాల, మాదిగ కుటుంబాలవారు. గాంధీ మాట వినగానే మన చెవికి తీపిగా ఉంటుంది. మేము మాత్రం ఠాగూర్ పక్షమే వహిస్తున్నాము, అయితే కారణం వేరు. అంటరానితనం పాపమని రుజువు చేయడానికి భూకంపం సాక్ష్యం అక్కరలేదు. ఆ సాక్ష్యం మీద ఆధారపడితే, భూమి కదలని సంవత్సరాలలో ఆ పాపాన్ని ఎవరు గద్దిస్తారు?

సునామీ తరువాత వచ్చిన దైవశాస్త్ర గ్రంథాలలో డేవిడ్ బెంట్లీ హార్ట్ 2005లో ప్రచురించిన ద డోర్స్ ఆఫ్ ద సీ చిన్నదైనా విలువైనది. మరణాన్ని దేవుని సంకల్పంలోని ఒక అవసరమైన భాగంగా చూపించి సమర్థించడం సువార్తకు విరుద్ధమని, క్రీస్తు పునరుత్థానం అటువంటి సమర్థనల నుండి మనలను విడిపించిందని ఆయన వాదిస్తాడు. దానితో మేము ఏకీభవిస్తాము. అయితే ఆయన ఎదుట ఉన్నవాడు దేవుడు లేడనే పాశ్చాత్యుడు. కోరుట్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దేవుడున్నాడు, మరి చచ్చినవారు ఏమి చేశారు? ఇదే మనవారి ప్రశ్న. ఈ ప్రశ్ననే యేసు ప్రభువు ఎదుట పెట్టినవారున్నారు గనుక మనము లూకా 13వ అధ్యాయానికి రావలసియున్నది.

ఆ వాక్యభాగంలో రెండు మరణ వార్తలున్నాయి. పిలాతు గలిలయులను బలి అర్పించుచుండగా చంపించాడు, అది రాజ్యహింస. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు, అది ప్రమాదం. మొదటి వార్త జనులు తెచ్చినది, రెండవది ప్రభువే జతచేసినది. రెంటిలోను చనిపోయినవారు తక్కినవారికంటె పాపులన్న తలంపును ఆయన త్రోసిపుచ్చాడు. మన ప్రసంగాలలో కొన్ని ఈ భాగాన్నే చదివి, మారుమనస్సు పొందకపోతే నశిస్తారన్న హెచ్చరికను మాత్రమే పట్టుకున్నాయి, దాని ముందున్న నిరాకరణను విడిచిపెట్టాయి. ఆ హెచ్చరిక వార్త తెచ్చినవారికి, అనగా బ్రతికి ఉండి చచ్చినవారిని లెక్కగట్టుచున్నవారికి చెప్పబడినది.

ఇక్కడ ఒక మాటను గమనించవలెను. రెండవ వచనంలో పాపులు అనే చోట గ్రీకులో హమర్తోలోయ్ అని ఉంది. నాలుగవ వచనంలో మాట మారి ఓఫెయిలెటాయ్ అని ఉంది. మన తెలుగు బైబిలులో అది అపరాధులు అయ్యింది. అనువాదం తప్పు కాదు. కాని ఆ మాటకు మూలార్థం అప్పుపడినవారు. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో ఋణస్థులు అని మనము అనుదినం పలికేది ఈ మాటనే. సిలోయములో చనిపోయినవారు యెరూషలేములో అందరికంటె ఎక్కువ అప్పుపడినవారా అని ప్రభువు అడిగాడు. ఇది నైతిక ఋణం గురించిన మాటే అని ఒప్పుకుంటాము. అయినా సిరిసిల్లలో ఈ వచనాన్ని చదివేవాడు ఆ మూలార్థాన్ని దాటిపోలేడు.

కారణం అందరికీ తెలిసినదే. 1990ల చివరి నుండి సిరిసిల్లలో మరమగ్గాల మీద బ్రతికే నేతకార్మికులు, ఆసాములు అప్పుల పాలై ఆత్మహత్యలు చేసుకున్నారు. గిరాకీ పడిపోయి సాంచాలు ఆగినప్పుడల్లా అప్పు పెరిగింది. సిరిసిల్లను ఉరిసిల్ల అని పిలిచిన రోజులవి. సునామీ వచ్చిన నాటికి ఈ చావులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. వీటిలో అంత్యదిన సూచన ఉందని ఏ ప్రసంగంలోనైనా విన్నామా? మాకు జ్ఞాపకం లేదు. విన్నది ఆత్మహత్య మహాపాపమన్న మాట ఒక్కటే. వారు మన సంఘస్థులు కారు, ఎక్కువమంది పద్మశాలీలు గదా అని అనవచ్చును. నాగపట్నం జాలరులలో ఎక్కువమందీ మన సంఘస్థులు కారు. వారికోసం మన సంఘాలలో ప్రత్యేక కానుక పట్టబడింది, బట్టలు మూటలు కట్టి పంపబడ్డాయి. అది మంచి పనే. పక్క వీధికి ఆ మూట వెళ్లలేదన్నదే మా విచారం.

సూచన అన్న మాటకు ఇప్పుడు రావచ్చు. ఆమోసు గ్రంథం మొదటి వచనంలోనే ఒక కాలసూచన ఉంది: ఆయన దర్శనం భూకంపానికి రెండు సంవత్సరాలు ముందటిది. పట్టణానికి కీడు వస్తే అది యెహోవా చేసినదే గదా అన్న 3:6ను సునామీ ప్రసంగాలలో పలుమార్లు విన్నాము. ఆ వచనం మొదలయ్యేది పట్టణంలో ఊదే బూర ధ్వనితో. యెహెజ్కేలు 33లోని కావలివాడు కూడా ఖడ్గం రాకముందే బూర ఊదవలసినవాడు, వచ్చిపోయిన తరువాత దాని అర్థం చెప్పేవాడు కాడు. ఆమోసు ముందుగా చెప్పినది కూడ దరిద్రులను చెప్పుల జోడుకు అమ్మివేసే తన కాలపు వ్యాపారం గురించి. మనము మాత్రం భూకంపం జరిగిన వారానికి ప్రవక్తలమయ్యాము.

2007 అక్టోబరులో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో పని ప్రారంభించింది. సముద్రం కనబడని తెలంగాణ గడ్డ మీద కూర్చుని, అడుగున అమర్చిన పరికరాల ద్వారా నీటి కదలికను కనిపెట్టి తీరానికి కబురు పంపడం దాని పని. దూరంగా ఉన్నవాడు కూడ కావలివాడు కావచ్చునని దానివలన తెలుసుకున్నాము. మన సంఘకాపరులకు అటువంటి పరికరాలు అక్కరలేదు. ఇల్లిల్లూ తిరిగేవారు గనుక ఏ ఇంట సాంచ ఆగిందో, ఎవరు దుబాయి వీసాకు ఎంత మిత్తికి తెచ్చారో వారికి ముందే తెలుసు.

2005 జనవరిలో ఒక ఆదివారం కోరుట్లలో మాలో ఒకరు సునామీ మీద గంటసేపు ప్రసంగించారు. ఆరాధన ముగిశాక బీడీలు చుట్టి బ్రతికే ఒక తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది. “అయ్యగారూ, సముద్రం సంగతి మంచిగ చెప్పిండ్రు. మా పెద్దోడు దుబాయి పోయి మూడు నెలలాయె, ఫోను లేదు. అప్పిచ్చినోళ్లు ఇంటిమీదికి వస్తున్నరు. దానికి వాక్యంల ఏమన్న ఉన్నదా?” అని అడిగింది. ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించాము. అప్పు ఎవరి దగ్గర, ఎంత అని అడగలేదు.