కిస్తీ పుస్తకం, పది నిమిషాల ఇంటర్వ్యూ

కారేపల్లి దగ్గర తండాలో మహిళా సంఘం మీటింగు. వేపచెట్టు కింద పరిచిన చాప, దాని మీద తీర్మానాల పుస్తకం, పక్కనే వేలిముద్రల స్టాంపు ప్యాడ్. కారం పట్టే మర పెట్టుకుంటానని ఒకామె యాభై వేలు అడిగింది. ఆమె ఒక్క కిస్తీ కూడా తప్పలేదని పుస్తకం చెబుతూనే ఉంది. అయినా లీడరు అడిగింది: "పోయిన కిస్తీ కూలి పైసలతోటి కట్టినవా బిడ్డా, బయట వడ్డీకి తెచ్చి కట్టినవా?"

కట్టిందా లేదా అన్నది బ్యాంకు చూసుకుంటుంది. ఎట్లా కట్టిందో కనిపెట్టగలిగేది సంఘమే. వ్యాపారంలో నీతి గురించి ఇంతకంటే సూటి ప్రశ్న నేను ఇంకెక్కడా వినలేదు.

సంఘం సంగతి మనకు కొత్త కాదు. రెండో గడప మాత్రం ఈ వైపు చాలామంది తొక్కనిది. స్టార్టప్‌లను చేర్చుకుని, డబ్బో సలహాలో ఇచ్చి, కొన్ని నెలలు సానబట్టి పెట్టుబడిదారుల ముందు నిలబెట్టే సంస్థలను యాక్సిలరేటర్లు అంటారు. 2005లో అమెరికాలో పుట్టిన వై కాంబినేటర్ వీటిలో పెద్దది. మన హైదరాబాదులో 2015లో మొదలైన టీ-హబ్, 2018లో ఆడవాళ్ల కోసమే వచ్చిన వీ-హబ్ ఇలాంటి ప్రోగ్రాములు నడుపుతున్నాయి. వై కాంబినేటర్ ఇంటర్వ్యూ పది నిమిషాలు. ఆలోచననీ, దాని వెనకున్న మనిషినీ ఆ పది నిమిషాల్లోనే తూచాలి.

పైకి దూరంగా కనిపించినా రెండు చోట్లా జరిగేది పూచీ పడటమే. బ్యాంకు మేనేజరుకు తండా తెలియదు, సంఘం తెలుసు. అలాగే పెట్టుబడిదారుడికి స్టార్టప్ పెట్టిన కుర్రాడెవరో తెలియదు, యాక్సిలరేటరు తెలుసు. ఒక పేరు ఇంకో పేరుకు అడ్డం నిలబడుతుంది. అందుకే ఒక్కరు మోసం చేస్తే, ఆ పేరు మీద తర్వాత వచ్చేవాళ్లందరికీ తలుపు బరువెక్కుతుంది.

తేడా అంతా కాలంలో ఉంది. నాబార్డు 1992లో ఐదు వందల సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పుడు, సంఘం కనీసం ఆరు నెలలు పొదుపు చేశాకే అప్పు అన్నది. సంఘం ముందు చూసి తర్వాత ఇస్తుంది. యాక్సిలరేటరు ముందు చేర్చుకుని తర్వాత చూస్తుంది. నష్టం లెక్కా వేరు. సంఘంలో ఒకరు ఎగ్గొడితే మిగతా పదిమంది మీద పడుతుంది. అటువైపు పది కంపెనీల్లో చాలావరకు మునుగుతాయని ముందే తెలుసు, ఒకటి తేలితే చాలు. కాబట్టి సంఘానికి నిజాయితీయే తాకట్టు. యాక్సిలరేటరుకు అది పరువు. తాకట్టును పరీక్షించినంత గట్టిగా పరువును ఎవరూ పరీక్షించరు, కనబడితే సరిపోతుంది.

ఇక్కడే నన్ను చాలాకాలం తొలిచిన విషయం ఒకటుంది. వై కాంబినేటర్ దరఖాస్తులో ఒక పేరున్న ప్రశ్న ఉండేది: కంప్యూటరు కాని ఏదైనా వ్యవస్థను మీకు అనుకూలంగా తిప్పుకున్న సందర్భం చెప్పమని. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహమ్, తాము వ్యవస్థాపకుల్లో వెతికే గుణాల్లో కొంటెతనాన్నీ చేర్చాడు. మా తండాలో ఆ ప్రశ్న వేస్తే ఆడవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. కానీ దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. దళారిని పక్కకు నెట్టి మిర్చిని నేరుగా అమ్ముకున్న రైతు చేసిందీ అదే కదా! రూలును దాటడం వేరు, మనిషిని ముంచడం వేరు. ఆ గీత ఎక్కడుందో పది నిమిషాల్లో కనిపెట్టడమే కష్టం.

కష్టమైనప్పుడు గుర్తులను నమ్ముతారు. తడబడకుండా మాట్లాడితే దాచేదేమీ లేదనుకుంటారు. ఇంగ్లీషులో ఆగి ఆగి జవాబు చెప్పే ఏజెన్సీ పిల్లవాడి మౌనం అక్కడ అనుమానంగా కనిపించవచ్చు. అలాగని సంఘానిది మచ్చలేని చూపు కాదు. మొగుడు తాగుబోతైతే పెళ్లానికి అప్పు తగ్గుతుంది. వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన కోడలికి పూచీ పడేవాళ్లు దొరకరు. కులం కూడా చాప మీదికి వచ్చి కూర్చుంటుంది. ఆమె చేయని తప్పు ఆమె లెక్కలోకి ఎక్కుతుంది.

గుర్తులు ఎంత మోసం చేయగలవో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు ఉత్తమ కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న దాని ఛైర్మనే లెక్కలు తప్పని ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది ఇటువైపూ దెబ్బ తగిలింది. ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు మన సంఘం నుంచి గుంపు పూచీని తీసుకున్నాయి, ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకునే ఓపికను వదిలేశాయి. ఒకే మనిషికి నాలుగైదు కంపెనీల అప్పు, వారం వారం వసూళ్లు. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. బయట వడ్డీకి తెచ్చి కట్టావా అని అడిగే మనిషి ఆ గుంపుల్లో లేకపోయింది.

ఇప్పుడు ఈ రెండు దారులూ కలుస్తున్నాయి. భద్రాచలంలో సంఘం ఆడవాళ్లు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి బయటి మార్కెట్‌కు పంపుతున్నారు. రేపు వాళ్లలో ఒకరు రాయదుర్గంలోని టీ-హబ్‌లో ప్యానెల్ ముందు కూర్చోవచ్చు. నా చేతికొచ్చిన యాక్సిలరేటర్ దరఖాస్తులు రెండు మూడు శ్రద్ధగా చదివాను. ప్రజెంటేషనుకు, వీడియోకు, లింక్డ్‌ఇన్‌కు గడులున్నాయి. మూలలు మడతపడ్డ తీర్మానాల పుస్తకాన్ని జతచేయడానికి చోటు కనిపించలేదు.

ఆ రోజు మీటింగులో ఆమె కాసేపు తల వంచుకుని, "రెండు వేలు బయట తెచ్చిన అక్కా" అంది. అప్పు ఇచ్చారు. యాభై కాదు, ముప్పై వేలు. కారణం కూడా పుస్తకంలో రాయించి, అందరూ కింద వేలిముద్రలు వేశారు.