విప్పే ముందు వినాలి

వ్యాను షెడ్డు ముందు ఆగుతుంది. డ్రైవరు దిగీ దిగకముందే మొదలుపెడతాడు: "అన్నా, బండి గుంజుతలేదు. రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది గని ముందుకు పోతలేదు." మంచి మెకానిక్ వెంటనే పానా అందుకోడు. "పొద్దుగాల చల్లగున్నప్పుడా, వేడైనంకనా?" అని అడుగుతాడు. జవాబు విన్నాక ఇంకో ప్రశ్న: "రివర్సుల గూడ గిట్లనే ఉన్నదా?" ఈ రెండు ప్రశ్నలతోనే సగం రోగం తేలిపోతుంది. బండి విప్పే ముందు దాని మాట వినాలన్నది మన షెడ్లలో ఉస్తాదు నుంచి శిష్యుడికి చేతి మీదుగా అందుతున్న విద్య. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు పాతబడుతున్న ఈ రోజుల్లో ఆ విద్య అవసరం ఇంకా పెరిగింది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో ఉంది. ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, బడిపిల్లల వ్యాన్లు, కూరగాయల బండ్లు, పెళ్లిళ్లకు పోయే కిరాయి బండ్లు అన్నీ ఆ సాగర్ రోడ్డు మీదివే. ఇలాంటి దారి పక్క షెడ్లలో చదువు పానాలు కడగడంతో మొదలవుతుంది. అడగ్గానే 12-13 పానానో 14-15 పానానో చేతికందించడం, ఉస్తాదు చెవి ఎటు తిరిగితే అటు తనూ చెవి పెట్టడం, కొన్నేళ్లకు ఒంటరిగా ట్రయల్‌కు పోవడం అందులో మెట్లు.

ఒక తరం మెకానిక్‌లకు పాఠ్యపుస్తకం లాంటిది మారుతి వ్యాను. 1984లో వచ్చింది, 1988లో ఓమ్ని అయింది, 2019 దాకా తయారైంది. ముందు సీటు లేపితే ఇంజన్, అక్కడి నుంచి వెనక చక్రాలకు షాఫ్టు. దాని మీద నేర్చిన పరీక్షలు తేలికైనవి, గట్టివి. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు వచ్చే రొద క్లచ్ తొక్కితే ఆగిందా, గేర్‌బాక్సు లోపలి బేరింగ్ మీద అనుమానం. తొక్కినప్పుడే రొద మొదలైందా, క్లచ్ బేరింగ్ మీద అనుమానం. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బాక్సుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే చప్పుడు ఎక్కడ పుడుతోందో తెలిసిపోతుంది. ఈ పరీక్షల కొలతలన్నీ మెకానిక్ ఒంట్లోనే ఉంటాయి.

ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడలే లేదు. మరి ఆ పరీక్షలు ఏమైనట్టు? ముందు అది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోవాలి. 2014లో సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. కాలూ చెయ్యీ చేసే పని ఒక యంత్రం చేస్తుందంతే. అక్కడ పాత విద్య చాలావరకు పనికొస్తుంది, కాకపోతే ప్లేటు మార్చాక స్కానర్ పెట్టి యంత్రానికి కొత్త ప్లేటు పరిచయం చేయాలి. 2015లో ఆటోమేటిక్‌గా వచ్చిన ఎర్టిగా, 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా వేరు. వాటిలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్లకు అందించేది అదే. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్‌స్‌మొబైల్ కార్లతో పెద్దఎత్తున జనంలోకి వచ్చిన ఆటోమేటిక్ గేరు అంతా నూనె ఒత్తిడి మీద నడిచే సేద్యమే.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఎరిగినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నూనె పంపు చెరువులాంటిది. వాల్వ్ బాడీలోని సన్నని దారులు కాల్వలు, సోలినాయిడ్లు తూములు. ఏ తూము ఎప్పుడు లేపాలో చెప్పే కంప్యూటరే నీరటి. గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్యాకులు పొలాలు. చెరువులో మట్టం తగ్గితే ఆఖరి మడికి నీరందదు. బాక్సులో నూనె తగ్గితే గేరు పట్టదు. కాల్వ గట్టు తెగితే ఎంత వదిలినా పారదు. రబ్బరు సీళ్లు గట్టిపడి ఒత్తిడి కారిపోతే ఇంజన్ ఎంత తిరిగినా బండి కదలదు. అందుకే తెలిసిన మెకానిక్ మొదట చూసేది నూనెనే.

డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో పద్ధతి ఇది: బండి చదును నేల మీద, ఇంజన్ వేడిగా, ఆగకుండా నడుస్తూ ఉండాలి. బ్రేకు తొక్కి లివరును అన్ని స్థానాలకూ తిప్పి పార్కులో పెట్టి చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజన్ ఆపి చూడమంటాయి, కొన్ని బండ్లకు డిప్‌స్టిక్కే ఉండదు, కాబట్టి ఆ బండి పుస్తకం చెప్పినట్టే చేయాలి. నూనె చాలామటుకు ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమరంగుకు దిగితే వయసైంది. నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలుతున్నాయి. గులాబీరంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్దితే గరుకు తెలుస్తుంది. కంటికీ ముక్కుకీ వేలికీ పని చెప్పే ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

తర్వాత ట్రయల్. బ్రేకు మీద కాలుంచి డ్రైవ్‌లో వేస్తే క్షణంలో మెత్తగా పట్టాలి. రెండు మూడు క్షణాలు ఆలోచించి దబ్బున పడితే ఒత్తిడి తక్కువైనట్టు. రోడ్డు మీద ఆర్‌పీఎం మీటరు ముల్లు లేచి బండి వేగం లేవకపోతే జారుతున్నట్టు. 60, 70 కిలోమీటర్ల వేగంలో రోడ్డు మీద గీతలెక్కినట్టు వణికితే, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకును తాకీ తాకనట్టు తాకాలి. వణుకు చటుక్కున ఆగితే కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ మీదికి అనుమానం పోతుంది. ఆగకపోతే ఇంజన్ ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి. గేర్‌బాక్సు రోగమనుకున్నది చాలాసార్లు అరిగిన ప్లగ్గు, తెగిన ఇంజన్ మౌంటు, వదులైన లివర్ కేబుల్, సరిగా ఆనని ఎర్త్ వైరు అవుతుంది. చౌకైనవి ముందు, పెద్దవి చివర. షెడ్డు విద్యలో ఇది మొదటి సూత్రం.

బండి ఒకే గేరులో ఇరుక్కుంటే, అది తనను తాను కాపాడుకుంటోందని అర్థం. అప్పుడు స్కానర్ పెట్టాలి. పీ0700 అని చూపితే గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఫిర్యాదు ఉందని మాత్రమే, ఆ ఫిర్యాదు ఏమిటో లోపలి కోడ్లు చూడాలి. కోడ్ కనిపించగానే సామాను మార్చడం విద్య కాదు. కోడ్ వేలు చూపే సెన్సర్ వైరు ఎలుక కొరికిందేమో చూసేవాడే మెకానిక్. ఆఖరున గేర్‌బాక్సు అడుగు తొట్టి దింపితే దానిలోని అయస్కాంతం సాక్ష్యం చెబుతుంది. మెత్తటి బూడిదలాంటి పొర మామూలు అరుగుదల. చిటికెన గోటికి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే బాక్సు విప్పక తప్పదు.

పాత అలవాట్లలో వదులుకోవలసినవీ ఉన్నాయి. నలుగురు తోస్తే స్టార్టయ్యే బండి ఇది కాదు. నూనె పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది, కాబట్టి నడిపే చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగితే లోపల ఎండిపోయి అరుగుతుంది. లారీ మీదికి ఎక్కించాలి. ఏదో ఒక ఎర్ర నూనె పోస్తే చాలదు, ఆ బండికి చెప్పిన రకమే పోయాలి.

ఇన్ని మెట్లు దిగాక "బాక్సు మంచిగనే ఉన్నది, కేబుల్ సరిచేసిన, తీసుకపో" అన్న మెకానిక్ ఆ రోజు పెద్ద బిల్లు వదులుకున్నాడు. విప్పితే వచ్చే కూలి, సామాను మీద వచ్చే లాభం రెండూ పోయాయి. ఈ విద్య విలువ అక్కడే ఉంది. కిరాయి మీద బతికే కుటుంబానికి బండి ఒక్క రోజు ఆగడమే భారం. విప్పకుండా తేల్చిన ప్రతి రోగమూ ఆ ఇంటికి మిగిలిన సొమ్ము. దీన్ని శిష్యుల జ్ఞాపకానికే వదిలేయకూడదు. ప్రతి షెడ్డులో ఒక నోటుపుస్తకం ఉండాలి: ఏ బండి, ఏ లక్షణం, చివరికి ఏం దొరికింది. ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఆ పేజీలు పాఠాలవుతాయి.

బండి యజమానికీ ఇందులో వంతు ఉంది. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క పరచండి. పొద్దున దాని మీద ఎర్ర చుక్క పడిందా, ఎక్కడ పడిందో గుర్తు పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా నడిచిందో, వేడెక్కాక ఎలా నడిచిందో రాసుకోండి. ఆ అట్ట, ఆ కాగితం పట్టుకుని షెడ్డుకు పోతే, మెకానిక్ అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు మీ చేతిలోనే ఉంటుంది.