కూలి రాయని లెక్క

జిల్లాలో చిన్న వ్యాపారాలకూ, కొత్తగా కంపెనీ పెట్టాలనుకునేవాళ్లకూ దారి చూపే చిన్న ఆఫీసు మాది. వేసవి వచ్చిందంటే బీటెక్, బీకాం, ఎంబీఏ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వస్తారు. చాలామంది మనసులో టీ-హబ్ ఉంటుంది. ఉండాల్సిందే. 2015లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై, 2022లో రాయదుర్గంలోని సొంత భవనానికి మారిన ఆ స్టార్టప్‌ల సంస్థ మన పిల్లలకు ధైర్యమిచ్చింది. 2018లో మహిళల కోసం వచ్చిన వీ-హబ్ కూడా అంతే. కానీ మా గడప తొక్కేవాళ్లలో యాప్‌లు చేసేవాళ్లు తక్కువ. పిండివంటలు, పచ్చళ్లు, కుట్టుపని, వెల్డింగ్ షెడ్లవాళ్లే ఎక్కువ. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు పీపీటీ పని చెప్పను. నోటుబుక్ చేతికిచ్చి, కిలోకు ఎంత పడుతోందో రాసుకుని రమ్మంటాను.

ఈమధ్య బీకాం చదివే అమ్మాయిని సకినాలు చేసి అమ్మే ఒకామె ఇంటికి తీసుకెళ్లాను. బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాసు, గిర్నీ ఖర్చు, కవర్లు అన్నీ రాసింది. సకినాలు చుట్టడానికి వచ్చే ఇద్దరి కూలి రాసింది. విరిగినవి ఎన్ని పోతాయో కూడా అడిగింది. తర్వాత, “పెద్దమ్మా, మీ కూలి ఎంత రాయమంటరు?” అంది.

“నా కూలేంది బిడ్డా? నేనే చేసుకుంట గదా!”

ఆ పిల్ల వాదించలేదు. పొద్దున ఎన్నింటికి లేస్తారో, పొయ్యి ఎప్పుడు ఆర్పుతారో అడిగింది. ఆ గంటలకు, చుట్టేవాళ్లకు ఆమె ఇచ్చే రేటే కట్టి చూపింది. కిలోకు మిగులుతుందనుకున్న డబ్బులో చాలావరకు ఆమె సొంత కూలే. లాభం నామమాత్రం. ఆమె కోడల్ని పిలిచి ఆ పేజీ మళ్లీ చదివించుకుంది. ప్రశ్న మార్చి అడగడం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకోవాల్సింది అదేనని నా గట్టి నమ్మకం.

నిజానికి ఆమె మా దగ్గరికి వచ్చింది ప్యాకింగ్ మిషన్ కోసం. ఆహార తయారీ చిన్న యూనిట్లకు కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాలి. మిగతాది బ్యాంకు అప్పు. సబ్సిడీ వస్తోంది కదా అని అక్కరలేని మిషన్ కొంటే, కిస్తీ కట్టాల్సింది ఆ సన్నటి లాభంలోంచే. ఆమెకు ఎక్కువ పొద్దు పట్టేది చుట్టడానికీ, వేయించడానికీ. ప్యాకింగ్ సాయంత్రం గంటలో అయిపోతుంది. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు ఇలాంటి లెక్కల పేజీలోంచి పుట్టాలి. ఊరూ పేరూ మార్చి, అందరికీ ఒకే అంకెలతో అచ్చు వేసిచ్చే రిపోర్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిని నమ్ముకుని అప్పు తెచ్చుకున్నవాళ్ల ఇళ్లు నాకు తెలుసు.

ఆమె ఇప్పుడు మిషన్ మాట పక్కనపెట్టి పెద్ద బాండీ, పెద్ద పొయ్యి ధరలు కనుక్కుంటోంది. సంక్రాంతి ఆర్డర్లకు కిలో రేటు కొంత పెంచుతానంది. పాతవాళ్లు ఒప్పుకుంటారో లేదోనన్న బెంగ ఉంది.

ఇంటర్న్‌లను తీసుకునే ఆఫీసులకు ఒక మనవి. ఇలాంటి లెక్క రావాలంటే పిల్లలు ఊళ్లు తిరగాలి. తెలంగాణలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. మగపిల్లలకు ఉంది. స్టైపెండ్ ఇవ్వలేకపోతే బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం ఖర్చు అయినా ఇవ్వండి.