చిన్న సంఘమునకు ఎట్టి తాళము?

నలుబదిమంది చదరంగపు ఆటగాండ్రు ఒక సంఘముగా ఏర్పడి, తమకొక వెబ్‌సైటును పెట్టుకొన్నారని అనుకొనుడు. అందులో ఆటల తేదీలతోపాటు సభ్యుల చిరునామాలు, టెలిఫోను నంబర్లు, చందాల లెక్కలు ఉండును. ఇవి బయటివారి కంట పడరాదు. కావున తలుపునకు తాళము వేయవలెను. సాధారణముగా సూచింపబడు తాళములు నాలుగు. వాని మంచిచెడ్డలు తేల్చుటకు తాళము బిగించిననాటి సంగతి చూచిన చాలదు; ఒక సభ్యుడు సంఘమును విడిచిననాడు, మరియొకడు తాళపుచెవిని పోగొట్టుకొన్ననాడు ఏమగునో చూడవలెను.

మొదటిది, అందరికిని ఒకే పాస్‌వర్డు ఇచ్చుట. ఇది కొద్ది నిమిషములలో ముగియు పని. కాని నలుబదిమందికి తెలిసిన మాట రహస్యముగా నిలువదు. ఒకడు సంఘమును విడిచినచో తక్కిన ముప్పదితొమ్మిదిమందికిని క్రొత్త మాట చెప్పవలెను. ఆ శ్రమకు జంకి సాధారణముగా ఎవరును దానిని మార్చరు. విషయము బయటికి పొక్కినచో ఎవరివలన పొక్కినదో తెలియు మార్గమును లేదు. ఆటల తేదీలకు ఈ తాళము చాలును, చిరునామాలకు చాలదు.

రెండవది, ఎవరి పాస్‌వర్డు వారికే ఉండుట. ఈ పద్ధతి 1960ల మొదట అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో బృందము నిర్మించిన కంప్యూటరు వ్యవస్థలోనే కలదు. అచ్చట ఒకనాడు రెండు ఫైళ్లు తారుమారై, పాస్‌వర్డుల పట్టిక యావత్తును లోనికి వచ్చిన ప్రతివాని యెదుట ప్రత్యక్షమైనది! అసలు మాటను దాచరాదనుటకు ఇదియే నిదర్శనము. దాని గుర్తును మాత్రమే దాచవలెను. 97ను 89చే గుణించి 8,633 అనుట సులభము. 8,633 ఏ రెండు సంఖ్యల లబ్ధమో వెదకుట కష్టము. అట్లే గుర్తునుండి మాటను రాబట్టుట కష్టమగునట్లు చేయుదురు.

అయినను మానవుని అలవాటు ఈ గణితమును ఓడించుచున్నది. 1979లో రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనువారు ప్రకటించిన పరిశీలనలో 3,289 పాస్‌వర్డులకు 2,831, అనగా నూటికి 86, మిక్కిలి పొట్టివో, సులభముగా ఊహింపదగినవో అయి పట్టుబడినవి. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. అనేకులు ఒకే మాటను పలుచోట్ల వాడుదురు. చదరంగపు లెక్కలు దొంగకు పనికిరాకపోవచ్చును. అచ్చట దొరకిన మాట బ్యాంకు తలుపును తెరువవచ్చును. తరచుగా మార్చుమని నిర్బంధించుట దీనికి మందు కాదు. అమెరికా ప్రమాణముల సంస్థయే 2017లో, పాస్‌వర్డు బయటపడిన సాక్ష్యము లేనిదే మార్పింపవలదని చెప్పినది.

మూడవది, పెద్ద కంపెనీల ఖాతాతో లోనికి రానిచ్చుట. పాస్‌వర్డులను దాచు భారము సంఘమునకు తప్పును. కాని ఆ ఖాతా లేని సభ్యుడు బయటనే నిలిచిపోవును. ఎవరు ఎప్పుడు వచ్చిరో ఆ కంపెనీకిని తెలియును.

నాలుగవది, సభ్యుని ఈమెయిలునకు ఒక లంకెను పంపుట. అది ఒక్కసారి మాత్రమే పనిచేసి, కొద్ది నిమిషములలో చెల్లకుండ పోవలెను. సభ్యుడు జ్ఞాపకముంచుకొనవలసిన మాట లేదు. సంఘము దాచవలసిన రహస్యమును దాదాపుగా లేదు. విడిచినవాని పేరును జాబితానుండి కొట్టివేసి, అతడు అప్పటికే తెరచియుంచిన ప్రవేశమును రద్దుచేసిన చాలును. దీనికిని లోపము కలదు: ఉత్తరము ఆలస్యము కావచ్చును, ఈమెయిలు ఇతరుల చేతబడినచో ఈ తలుపును తెరుచుకొనును. అయితే పాస్‌వర్డు మరచినవారికి క్రొత్తది పంపునది సాధారణముగా ఆ ఈమెయిలునకే గదా! కావున ఇది క్రొత్తగా వచ్చిన అపాయము కాదు.

చిన్న సంఘమునకు ఈ నాలుగవదియే మేలు. పాఠశాలలోని సైన్సు సంఘము వెబ్‌సైటు పెట్టదలచినను, ఏ తాళము గట్టిదని అడుగుటకు ముందు, దాచనక్కరలేనివి ఏవియో తేల్చుకొనవలెను. విద్యార్థుల టెలిఫోను నంబర్లు అందులో ఉండనే అక్కరలేదేమో. లేని వస్తువును ఏ దొంగయు ఎత్తుకొనిపోలేడు.