చిత్తపరిగె

ఓ చిత్తపరిగె, బుల్లి చేపా! పుస్తెలమ్మయినా పులస తినాలన్న జనమే నీ పేరును చిన్నచూపుకు వాడుకున్నారు. ఏ కుంభకోణంలోనైనా అసలువాళ్లు జారుకుంటే, దొరికినవి చిత్తపరిగెలేనంటారు. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేపయింది. నీకు చేపల బజారులో పళ్లెం కూడా లేదు, తడి గోనెపట్టా మీద కుప్పపోస్తారు. అయినా నేను పాడేది నిన్నే.

తొలకరికి బోదెల్లో ఎర్రనీళ్లు పారగానే ఎదురెక్కి వరిచేలలోకి వచ్చేస్తావు. నీకు మేత వేసినవాడు లేడు, మందు పెట్టినవాడు లేడు. మోకాటి లోతు నీళ్లుంటే చాలు, అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, కూలికి వెళ్లొచ్చే మనిషి కొంగుకు మూటగా చిక్కుతావు. ఏ పూటా కూర లేని ఇంట్లో ఆ పూట పొయ్యి మీద పులుసు ఉడికిందంటే, అది నీ చలవే.

నిన్ను బాగుచేయడానికి ఓపిక కావాలి, నిజమే. చాటలో పోసి, రాళ్లుప్పు చల్లి, గరుకు రాతి మీద అరచేత్తో రుద్దితే పొలుసు ఊడి రాయంతా వెండి పొడి మెరుస్తుంది. బొటనవేలితో పొట్ట దగ్గర మెల్లగా నొక్కితే పిత్తం బయటికి వస్తుంది. అది లోపలే చితికిందా, కూరంతా చేదు. చెరువులు అడుగంటి నువ్వు దండిగా దొరికే ఎండాకాలానికే చింత చిగురేస్తుంది. ఇంతకన్నా మంచి జోడీ తెలుగు వంటింట్లో లేదని నా నమ్మకం. దాకలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక, అరచేతుల మధ్య నలిపిన చిగురు వేసి, పసుపు, కారం, ఉప్పు పడ్డాక ఆఖర్న నిన్ను పరచాలి. గరిటె తగలకూడదు. దాక అంచులు గుడ్డతో పట్టుకుని కుదపాలి, అంతే. ముల్లు తీసే పని లేదు. తలా తోకా ముల్లూ అన్నీ అన్నంలో కలిసి నమిలితే ముందు పులుపు, వెనక నీ కమ్మదనం. మర్నాడు చద్దన్నంలోకి ఇంకా బాగుంటావు.

కైకలూరు, ఆకివీడు చుట్టూ శీలావతినీ బొచ్చెనూ పెంచి లారీలకెత్తి బెంగాల్‌కూ అస్సాంకూ పంపే చెరువుల్లో నీకు పెట్టిన పేరు కలుపు చేప. చేపపిల్లను వదలకముందే ఇప్పపిండి చల్లి నిన్ను చంపుతారు. హెక్టారుకు 2,500 కిలోలని పుస్తకాల్లో మోతాదు కూడా రాసి ఉంది. ఆ పిండిలోని విషం మొప్పల గుండా ఎక్కి నీ నెత్తుటి కణాలను పగలగొడుతుంది. పెంపుడు చేప మేతలో వాటాకొస్తావన్నదే నీ మీద నేరం. నా మనసు ఒప్పుకోదు.

బంగ్లాదేశ్‌లో నీ చుట్టమొకటి ఉంది, మోలా. పశ్చిమ బెంగాల్‌లో మౌరలా అంటారు. చిన్న చేపలు పిల్లల కంటికి మంచివని పల్లె తల్లులు చెబుతుంటే ఆ మాటను కొట్టిపారేయకుండా పరీక్షకు పెట్టింది శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్, ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి శాస్త్రవేత్త. మోలాలో విటమిన్ ఎ పుష్కలంగా ఉందని తేలింది. అదీ ఎక్కువగా కళ్లలో, ఆ తర్వాత పొట్టలో. మెత్తటి ముళ్లలోని కాల్షియం పాలలోని కాల్షియంలాగే ఒంటికి పడుతుందనీ తేలింది. పెద్ద చేపలతో పాటే మోలాను ఒకే చెరువులో పెంచితే పెద్ద చేపల దిగుబడి తగ్గలేదు. 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. చిన్న చేపకు అంత గౌరవం దక్కిన రోజు అది!

చెరువు రైతుల్లారా, ఒక్క చెరువులోనైనా ఈ చిత్తపరిగెను బతకనిచ్చి చూడండి. పెద్ద చేప లారీ ఎక్కి పోతుంది, ఇది మీ ఊరి పిల్లల కంచంలోకి వస్తుంది. వండేవాళ్లకూ ఒక మాట. చింతచిగురు కొన్న రోజున చేపల బజారు చివరిదాకా నడవండి, గోనెపట్టా ముందు కూర్చున్న అమ్మ దగ్గర అరకిలో తీసుకోండి. పిత్తం తీయండి, పొట్టంతా ఊడ్చేయకండి. తలలు కూడా తుంచి పారేయకండి, బలం వాటిలోనూ ఉంది.