ఏడు ముఖాల పిరమిడ్

ఐస్‌లాండ్ వేడినీటి బుగ్గల్లో, 80 డిగ్రీల ఆమ్లజలంలో సల్ఫోలోబస్ ఇస్లాండికస్ హాయిగా బతుకుతుంది. చూపుకి బ్యాక్టీరియాలా ఉన్నా ఇది ఆర్కియా. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వేరు చేసి చూపిన జీవశాఖ. దీనికీ వైరస్ బెడద తప్పలేదు. ఎస్‌ఐఆర్‌వీ2 అనే కడ్డీ ఆకారపు వైరస్ ఇందులో చేరి సంతతిని పెంచుకుంటుంది. బయటపడే ముందు కణం ఉపరితలం మీద పిరమిడ్లు లేస్తాయి. చివరికి వాటి ముఖాలు పూరేకుల్లా విచ్చుకుని దారిస్తాయి. ఈ సంగతి 2009లో లోకానికి తెలిసింది.

మరి వాటిని కట్టేదేది? పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్ ప్రాంగిష్విలి దగ్గర డాక్టరేట్ చేస్తూ టెస్సా క్వాక్స్ ఈ ప్రశ్నను చేపట్టారు. 2010, 2011లో సహచరులతో కలిసి వెలువరించిన పత్రాల్లో జవాబు కన్నా, దాన్ని రాబట్టిన తీరు నన్ను ఎక్కువ ఆకట్టుకుంది.

ముందుగా పిరమిడ్లను కణం పొర నుంచి విడదీశారు. రూపు చెదరలేదు, అంటే పొర ఆసరా లేకుండానే అవి నిలుస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే అడుగు లేదు, లోపల బోలు, చుట్టూ ఏడు సమద్విబాహు త్రిభుజాలు. వాటిలో ఉన్నదల్లా 98 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఒక్కటే.

చాలామంది ఇక్కడే ఆగిపోయేవారు. కానీ కట్టడంలో ఉన్నంత మాత్రాన కట్టింది అదేనని తేలదు. రోగం సోకిన కణంలో వైరస్‌కి చెందిన ఇతర ప్రోటీన్లూ ఉంటాయి. వాటిలో ఏదైనా చెయ్యి వేసి ఉండొచ్చు. అందుకే ఆ ప్రోటీన్ జన్యువు ఒక్కదాన్నే ఈ-కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. అక్కడ వైరస్ లేదు, ఆర్కియా లేదు, అంతటి వేడి లేదు. పొరలోని కొవ్వుల నిర్మాణం కూడా వేరు. అయినా పిరమిడ్లు లేచాయి.

ఒక్కో ప్రయోగంతో ఒక్కో అనుమానాన్ని తీసేస్తూ రావడమే ఈ పనితనం. పొరను తీశారు, వైరస్‌ను తీశారు, చివరికి ఆతిథేయినే మార్చారు. మిగిలిన ప్రోటీన్ తన పని తాను చేసింది. ముఖాలు విచ్చుకునే ఘడియను నిర్ణయించేదేమిటన్న ప్రశ్నను మాత్రం ఇందులో కలిపేయలేదు. కట్టడం వేరు, తెరుచుకోవడం వేరు. ఆ గీత దగ్గర నిలబడగలగడం వల్లే మొదటి జవాబుకి అంత బలం వచ్చింది.